ప్రిన్స్ నసీమ్ హమీద్: హైప్ పక్కన పెడితే ఎంత మంచి బాక్సర్?

నమస్తే అండీ. ఈరోజు మనం మాట్లాడుకునేది ప్రిన్స్ నసీమ్ హమీద్ గురించి.

90ల్లో బాక్సింగ్ చూసినవాళ్లకి ఈ పేరు చెప్పగానే ముందు గుర్తొచ్చేది అతని ఎంట్రీ. చిరుతపులి మచ్చల నిక్కరు, పై తాడు పట్టుకుని ఒక్క పల్టీలో రింగ్‌లోకి దూకడం. గంట కొట్టకముందే జనం ఊగిపోయేవాళ్లు. అందుకే ఇప్పటికీ ఒకరు ఆకాశానికెత్తేస్తారు, ఇంకొకరు అంతా బిల్డప్ అని కొట్టిపారేస్తారు. ఈ వీడియో కోసం అతని పెద్ద ఫైట్లు వరసపెట్టి మళ్లీ చూశాను. చూస్తున్నంతసేపూ నా కళ్లు అతని పాదాల మీదే ఉన్నాయి. ఎందుకో చెప్తాను.

హమీద్ పుట్టి పెరిగింది ఇంగ్లాండ్‌లోని షెఫీల్డ్‌లో, అమ్మానాన్నలది యెమెన్. చిన్నప్పుడే బ్రెండన్ ఇంగిల్ అనే కోచ్ జిమ్‌లో చేరాడు. ఆ జిమ్ నేల మీద గీతలు గీసి ఉండేవి. పిల్లల చేత ఇంగిల్ ఆ గీతల వెంబడి అడుగులు వేయించేవాడు. కుడి, ఎడమ, ముందుకి, వెనక్కి, మళ్లీ మళ్లీ. హమీద్ ఎడమచేతి వాటం, అంటే సౌత్‌పా. కానీ ఆ శిక్షణ వల్ల ఫైట్ మధ్యలో కాళ్లు మార్చేసి ఎటు నుంచైనా కొట్టగలిగేవాడు.

చేతులు నడుము దగ్గర వేలాడేసి, దెబ్బ వస్తుంటే నడుము నుంచి వెనక్కి వంగిపోతాడు కదా, బాక్సింగ్‌లో అది చెయ్యకూడని పని. గడ్డం పైకి లేచిపోతుంది, కాపాడడానికి చేతులు ఉండవు. మరి అతనికి ఎలా చెల్లింది? ఎదుటివాడి చెయ్యి అందే దూరానికి అరడుగు అవతలే కాళ్లు అతన్ని నిలబెట్టేవి. ఎదుటివాడి పంచ్ గాల్లో పోగానే, వీడు ఎక్కడున్నాడో అక్కడి నుంచే తిరిగి కొట్టేవాడు. ఆ దెబ్బ బరువు మాత్రం పక్కా నిజం. 37 ఫైట్లలో 36 గెలుపులు, అందులో 31 నాక్‌ఔట్లు. 57 కిలోల ఫెదర్‌వెయిట్‌లో ఇది మామూలు విషయం కాదండీ.

1995లో, 21 ఏళ్ల వయసులో, కార్డిఫ్ వెళ్లి స్టీవ్ రాబిన్సన్‌ని అతని సొంత ఊళ్లోనే ఓడించి డబ్ల్యూబీఓ బెల్ట్, అంటే ఆ బాక్సింగ్ సంస్థ ఇచ్చే ప్రపంచ టైటిల్, తెచ్చుకున్నాడు. 1997 ఫిబ్రవరిలో, 1993 నుంచి ఐబీఎఫ్ అనే ఇంకో సంస్థ ఛాంపియన్‌గా ఉన్న టామ్ జాన్సన్‌ని ఎనిమిదో రౌండ్‌లో ఆపేశాడు. నా లెక్కలో హమీద్ పూర్తి ఫామ్‌లో ఉన్నది ఈ రోజుల్లోనే.

అదే ఏడాది డిసెంబర్‌లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో కెవిన్ కెల్లీతో ఫైట్. కెల్లీ కూడా సౌత్‌పానే. మొదటి రౌండ్‌లోనే హమీద్ అలవాటు ప్రకారం వెనక్కి వంగాడు, కెల్లీ కుడిచెయ్యి సరిగ్గా తగిలింది, కింద పడ్డాడు. మొత్తం నాలుగు రౌండ్లలో హమీద్ మూడుసార్లు, కెల్లీ మూడుసార్లు. ఆరో నాక్‌డౌన్ నుంచి కెల్లీ లేవలేకపోయాడు. అభిమానులు దీన్నే అతని గొప్ప ఫైట్ అంటారు. గుండెధైర్యం విషయంలో నేనూ ఒప్పుకుంటాను. కానీ ఇందులో ప్రమాద సూచన కూడా ఉంది. కాళ్లు ఆ అరడుగు దూరం ఇవ్వడం మానేశాయి. పంచ్ ఉంది కాబట్టి బయటపడ్డాడు.

1998లో ఇంగిల్‌తో విడిపోయాడు. నాకు బాగా బాధ కలిగించే విషయం ఇదే. ఆ తర్వాత పేరున్న కోచ్‌లు వచ్చారు, ఇమాన్యుయెల్ స్టీవార్డ్ లాంటివాళ్లు కూడా. గెలుపులూ వచ్చాయి. కానీ అతను ఒక్క పంచ్‌తో ముగించాలని ఎదురుచూడడం ఎక్కువైంది, అడుగులు తగ్గిపోయాయి. ప్రత్యర్థుల్లోనూ కొందరు వయసు మీద పడినవాళ్లు, కొందరు కింది బరువుల నుంచి పైకొచ్చినవాళ్లు. అదే కాలంలో పేరున్న మెక్సికో బాక్సర్లు ఎరిక్ మొరాలెస్‌తో ఆడలేదు, హువాన్ మాన్యుయెల్ మార్కెజ్‌తో ఆడలేదు. ఆల్‌టైమ్ గ్రేట్ అనేవాళ్లు దీనికి జవాబు చెప్పాలి.

ఇక 2001 ఏప్రిల్ 7, లాస్ వేగాస్, ఎదురుగా మెక్సికో బాక్సర్ మార్కో ఆంటోనియో బరేరా. బరేరా ఎప్పట్లాగే మీదపడి కొట్లాడతాడని అందరూ అనుకున్నారు. అలా వచ్చి ఉంటే హమీద్‌కి పండగే. బరేరా రాలేదు. గార్డ్, అంటే ముఖానికి అడ్డుగా చేతులు, ఎత్తి పట్టుకుని, తన ఎడమ వైపుకి, అంటే హమీద్ ఎడమచేతికి దూరంగా జరుగుతూ, జాబ్ (ముందు చేత్తో సూటి దెబ్బ), ఎడమ హుక్ (పక్క నుంచి వంపు దెబ్బ) వేసుకుంటూ పోయాడు. తొందర లేదు, కోపం లేదు. హమీద్ పప్పులు ఉడకలేదు. పన్నెండు రౌండ్లూ అతనిది అదే ఎడమచెయ్యి, అదే దూరం నుంచి. రెండో ఉపాయం బయటికి రాలేదు. చివరి రౌండ్‌లో బరేరా అతని తలని కార్నర్ ప్యాడ్‌కేసి కొట్టాడు, రిఫరీ ఒక పాయింట్ కోసేశాడు. అది పోయాక కూడా ఇద్దరు జడ్జీలు 115-112, ఒకరు 116-111 ఇచ్చారు. రౌండ్ గెలిచినవాడికి 10, ఓడినవాడికి 9 చొప్పున లెక్క వేస్తే బరేరాకి ఎనిమిదికి నాలుగు, తొమ్మిదికి మూడు రౌండ్లు. సందేహానికి చోటే లేదు.

అప్పటికి హమీద్ వయసు 27. తర్వాత 2002లో ఒక్కటే ఫైట్, అది గెలిచి ఆపేశాడు. 2015లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటిచ్చారు. అది అతనికి దక్కాల్సిందేనని నా అభిప్రాయం.

నా మార్కులు చెప్తాను. దెబ్బ బలానికి పదికి పది. డిఫెన్స్‌కి, 1997 వరకు ఎనిమిది, ఆ తర్వాత ఐదు. ప్లాన్ మార్చుకునే తెలివికి నాలుగు. అతన్ని మోసగాడు అనేవాళ్లతో నేను గట్టిగా విభేదిస్తాను. ఆల్‌టైమ్ టాప్ ఫెదర్‌వెయిట్‌ల పక్కన మాత్రం నిలబెట్టలేను.

మీరు ఒక పని చెయ్యండి. జాన్సన్ ఫైట్, బరేరా ఫైట్ రెండూ సౌండ్ పూర్తిగా ఆపేసి, ఒకదాని తర్వాత ఒకటి చూడండి. ముఖం చూడొద్దు, గ్లోవ్స్ చూడొద్దు. వెనక కాలు ఎన్నిసార్లు కదిలిందో లెక్కపెట్టి కింద కామెంట్‌లో రాయండి.