పిలవని పేరంటం

శ్రోతలకు నమస్కారం. 2025 మార్చిలో, యూరప్‌లోని డెన్మార్క్ కింద ఉన్న గ్రీన్‌లాండ్ దీవిలో కుక్కల బండ్ల పందెం చూడ్డానికి ఉషా వాన్స్ వస్తున్నారన్నారు. అదే, అమెరికా ఉపాధ్యక్షుడి భార్య, మన ఆంధ్ర మూలాలున్న ఆవిడ. మేమెవర్నీ పిలవలేదే అంది గ్రీన్‌లాండ్ ప్రభుత్వం. దాంతో పందెం మానేసి, భర్తతో కలిసి అక్కడున్న అమెరికా స్థావరం పిటుఫిక్ వరకే వెళ్ళి వచ్చేశారు. పిలవని పేరంటం అంటే ఇదేనేమో!

అమెరికా, యూరప్ గొడవలు కొత్తేం కాదు. 1956లో ఈజిప్టులోని సూయెజ్ కాలువ మీదికి వెళ్ళిన బ్రిటన్, ఫ్రాన్స్‌లను అమెరికాయే ఒత్తిడి చేసి వెనక్కి రప్పించింది. 2003లో ఇరాక్ యుద్ధం వద్దని ఫ్రాన్స్ అడ్డంపడితే, అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, అమెరికా ప్రతినిధుల సభ క్యాంటీన్‌లో ఫ్రెంచ్ ఫ్రైస్ పేరు తీసేసి ఫ్రీడమ్ ఫ్రైస్ అని రాశారు. కానీ అవన్నీ ఎక్కడో మూడోవాళ్ళ ఊళ్ళో తగాదాలు. ఇప్పుడలా కాదు, అమెరికా, యూరప్ దేశాల సైనిక కూటమి నాటోలో తనతో పాటు కూర్చునే డెన్మార్క్ ఏలుబడిలో ఉన్న గ్రీన్‌లాండ్‌నే నాకిమ్మంటోంది అమెరికా, బలప్రయోగం చేయనని మాటివ్వమంటే 2025 జనవరిలో ట్రంప్ ఇవ్వలేదు కూడా.

నాకు అర్థం కానిదేంటంటే, డెన్మార్క్‌తో 1951లో చేసుకున్న ఒప్పందం ప్రకారం అక్కడ స్థావరాలు పెట్టుకునే వీలు అమెరికాకి ఎప్పట్నుంచో ఉంది. మరి ఇంటి పత్రాలు కూడా తన పేరున రాయించుకోవాలన్న పంతం ఎందుకు? పైగా ఒకరి మీద దాడి జరిగితే అందరి మీదా జరిగినట్టే అన్న నాటో 5వ అధికరణం ఇప్పటికి ఒక్కసారే వాడారు, అదీ 2001లో అమెరికా కోసమే. ఆ తర్వాత అఫ్గానిస్తాన్ వెళ్ళి, 60 లక్షల జనాభా ఉన్న డెన్మార్క్ 40 మందికి పైగా సైనికుల్ని పోగొట్టుకుంది.

ఇంత మంట ఉన్నా యూరప్ గట్టిగా తిరగబడదు. 2025 జులైలో స్కాట్లాండ్‌లోని ట్రంప్ సొంత గోల్ఫ్ రిసార్ట్‌కి వెళ్ళి మరీ, తమ సరుకుల్లో ఎక్కువ వాటి మీద 15 శాతం సుంకానికి ఊఁ కొట్టి వచ్చింది. ఉక్రెయిన్ యుద్ధం గుమ్మంలో ఉండగా నిఘా సమాచారం దగ్గర్నుంచి క్షిపణుల దాకా అమెరికా మీదే ఆధారపడితే ఇంకేం చేస్తుంది చెప్పండి. డెన్మార్క్‌నే చూడండి. అదే ఏడు సెప్టెంబరులో అమెరికా పేట్రియాట్‌ని కాదని ఫ్రాన్స్, ఇటలీల గగనతల రక్షణ వ్యవస్థ కొంటామంది, సరే, పౌరుషమే అనుకున్నాం. అక్టోబరులో మళ్ళీ 16 యుద్ధ విమానాలు కొంటామంది. అవి ఎఫ్-35లు, అమెరికావి.