ఎకరం చెరుకు, మూడు సంతకాలు

(మెట్‌పల్లి ప్రాంత చెరుకు రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, రైతన్నలకు, మహిళా సంఘాల అక్కాచెల్లెళ్లకు నమస్కారం.

సర్కారు, మిల్లు, రైతు ముగ్గురూ కలిసి చెరుకు పండించే పద్ధతి గురించి మాట్లాడమన్నారు. కాగితాల్లో దీన్ని ప్రభుత్వ–ప్రైవేటు భాగస్వామ్యం అంటారు. ఆ మాట ఈ చుట్టుపక్కల ఎవరి ముందు ఎత్తినా మూతపడ్డ ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ గుర్తుకొస్తుంది. అందుకని అక్కడి నుంచే మొదలుపెడతాను.

నిజాంసాగర్ నీళ్లు పారిన కొన్నేళ్లకు, 1937లో బోధన్‌లో నిజాం షుగర్స్ పుట్టింది. 2002లో 51 శాతం వాటా ప్రైవేటు వారికి ఇచ్చి, 49 శాతం సర్కారు ఉంచుకొని ఉమ్మడి కంపెనీ పెట్టారు. బోధన్ శక్కర్‌నగర్, మెదక్ వైపు ముంబోజిపల్లి, మన ముత్యంపేట మూడూ దాని కిందికి పోయాయి. 2015 డిసెంబరులో మూడూ ఆగిపోయాయి. తిరిగి తెరిచే మార్గం చూడమని 2024 జనవరిలో సర్కారు మంత్రివర్గ కమిటీ వేసింది. ఆ ఒప్పందం మంచిదా చెడ్డదా అన్న వాదనకు ఇవాళ పొద్దు చాలదు. ఒక్క లెక్క మాత్రం చూడండి. 51కి 49 కలిపితే నూరు. తోట పెట్టిన రైతు ఆ నూరులో ఎక్కడా లేడు.

రైతుకు వాటా ఇమ్మని అడగడం ఒక దారి. అది పెద్ద పని, ఏళ్లు పడుతుంది. ఈ సీజన్‌లోనే చేయగలిగింది మరొకటుంది. ఏ పని ఎవరిది, ఆ పని జరగకపోతే నష్టం ఎవరు భరించాలి అన్నది మూడు సంతకాలతో కాగితం మీద పెట్టించడం. రైతు సంఘం, మిల్లు, చెరుకు శాఖ అధికారి: ఈ మూడు సంతకాలు. మిల్లు మధ్యలో ఆగితే పొలంలో నిలబడ్డ తోటను ఏ మిల్లుకు తోలాలి, అదనపు కిరాయి ఎవరిది అన్నది ఆ కాగితంలో మొదటి మాట కావాలి.

ఇక పని దగ్గరికి వద్దాం. కలిసి చేస్తే చిన్న రైతుకు అన్నిటికంటే ముందు లాభం కనిపించేది విత్తనంలో. మూడు కళ్ల (కన్నంటే కణుపు దగ్గర మొలక వచ్చే మొగ్గ) ముచ్చెలు, అంటే గడ ముక్కలు పెట్టే పాత పద్ధతిలో ఎకరానికి 16,000 ముచ్చెలు కావాలి, అంటే మూడు నాలుగు టన్నుల గడ. మిల్లుకు తోలితే పది వేలకు పైగా పలికే చెరుకును మట్టిలో పెడుతున్నాం. అదే గడ నుంచి ఒక్కో కన్ను తీసి ట్రేలో పెంచే ఒంటి కన్ను నారు అయితే, అయిదడుగుల సాళ్లలో రెండడుగులకొకటి నాటితే ఎకరానికి 4,356 మొక్కలు పడతాయి. చచ్చినచోట మళ్లీ నాటడానికి పది శాతం కలుపుకొని 4,800 అనుకోండి. నూటికి ఎనభై కళ్లు మొలుస్తాయన్న లెక్కన 6,000 కళ్లు, అంటే 50 గుంతల ట్రేలు 120. మహిళా సంఘం ఒక షేడ్‌నెట్ కింద పది ఎకరాల నారు తేలికగా పెంచగలదు. కన్ను తీశాక మిగిలిన గడ గానుగకు పోతుంది, బెల్లమవుతుంది.

ఇందులో మిల్లు పని, ఆరోగ్యమైన విత్తనపు తోట ఇవ్వడం. ఏడెనిమిది నెలల తోటలోని గడే కంటికి పనికొస్తుంది. ముదిరిన గడ కన్ను ఎండిపోయి ఉంటుంది, మొలక పలచబడుతుంది. గడ్డిదుబ్బు తెగులు రాకుండా మూల విత్తనాన్ని తేమతో కూడిన వేడిగాలిలో 54 డిగ్రీల దగ్గర రెండున్నర గంటలు ఉంచాలి. ఆ యంత్రం రైతు కొనేది కాదు, మిల్లుదో పరిశోధన స్థానానిదో కావాలి. ఈ తెగులు ఒకసారి తోటలోకి వచ్చాక ఏ మందు కొట్టినా పోదు. పిలకలన్నీ సన్నగా, తెల్లగా, గడ్డిలా వస్తే దుబ్బును వేళ్లతో సహా తవ్వి తీసేయడమే. అసలు రకం ఎంపిక నిజామాబాద్ జిల్లా రుద్రూరులో ఉన్న చెరుకు, వరి పరిశోధన స్థానం వాళ్లను అడిగి చేసుకోండి. పక్క రాష్ట్రంలో ఎవరికో బాగా పండిందని లారీలో గడ తెప్పించుకుంటే దానితోపాటు ఎర్రకుళ్లు కూడా దిగుతుంది. అనుమానముంటే గడను నిలువునా చీల్చి చూడండి. లోపల ఎర్రబారి, ఆ ఎరుపులో అడ్డంగా తెల్లటి మచ్చలుండి, పులిసిన కల్లు వాసన వస్తే ఆ తోట నుంచి విత్తనం తీయొద్దు, కార్శి (కోసిన మోళ్ల నుంచి వచ్చే రెండో పంట) కూడా ఉంచొద్దు.

నారు దగ్గర జరిగే పొరపాట్లు చిన్నవే, నష్టం మాత్రం పెద్దది. కొబ్బరిపొట్టును రెండుమూడు సార్లు కడగకుండా ట్రేలో నింపితే అందులోని ఉప్పుకు వేరు మాడుతుంది. కళ్లను కార్బెండజిమ్ లీటరుకు అర గ్రాము, మలాథియాన్ రెండు మిల్లీలీటర్లు కలిపిన నీళ్లలో పావుగంట ముంచి, చేతులకు తొడుగులు వేసుకొని తీయాలి. ట్రేలో పెట్టేటప్పుడు కన్ను పైకి చూడాలి. ట్రేలన్నీ ఒకదానిమీద ఒకటి పేర్చి పాలిథీన్ పట్ట కప్పి అయిదు నుంచి ఎనిమిది రోజులు ఉంచుతారు. మనకు డిసెంబరు, జనవరి రాత్రుల్లో చలి ఎక్కువ. పట్ట కింద వెచ్చదనం నిలవకపోతే అయిదు రోజుల పని పదిహేను రోజులైనా తెమలదు. గదిలో పేర్చి, కిటికీలు మూసి, బల్బు వెలిగించి ఉంచితే కొంత నయం. తెల్ల వేరు కనిపించగానే నీడలో పరవాలి. రోజూ పొద్దున పట్ట ఎత్తి చూడని సంఘానికి మొలకలు పాలిపోయి, పొడుగ్గా సాగి, పడిపోయి దొరుకుతాయి.

నారు వయసు ముప్పై రోజులు దాటాక తొందరపడాలి. ముప్పై అయిదు దాటితే వేరు గుంతలోనే చుట్టుకుపోతుంది. నాటినా కదలదు. సాధారణంగా ఆలస్యమయ్యేది నీళ్లు రాకనో, ముందు వేసిన మక్క ఇంకా కోయకనో. అందుకే నారు ఆర్డరు రాసేటప్పుడు రైతు సంతకంతోపాటు నాటే వారం కూడా రాయించాలి. ఆ వారం దాటితే సంఘానికి డబ్బు ఆగకూడదు, ఎందుకంటే ఆ తప్పు నారు పెంచినవాళ్లది కాదు. నూటికి ఎనభై కంటే తక్కువ మొలిస్తే మాత్రం మిల్లు, సంఘం చెరిసగం భరించాలి. ఇలా ముందే తేల్చుకోని చోట మొదటి ఏడాదే గొడవలు.

డ్రిప్పు గురించి రెండు మాటలు. అయిదడుగుల సాళ్లకు ఎకరానికి సుమారు 2,650 మీటర్ల లేటరల్ పైపు పడుతుంది. రాష్ట్ర రాయితీ ఎస్సీ, ఎస్టీ రైతులకు నూరు శాతం, చిన్న సన్నకారు రైతులకు తొంభై శాతంగా నడిచింది. కంపెనీ బిగించి పోతుంది, మొదటి పంట బాగుంటుంది. కోత అయ్యాక ఎవరో చెత్తకు నిప్పు పెడతారు, పైపులన్నీ కరిగిపోతాయి. కార్శి తోట నీళ్లు లేక నిలబడుతుంది. ఆకు కాల్చకుండా సాళ్లలోనే పరిస్తే తేమ నిలుస్తుంది, పీక పురుగూ తగ్గుతుంది. కోతకు ముందు పైపు చుట్టి గట్టుమీద పెట్టించే కూలి మేస్త్రీ లెక్కలో కలపాలి.

ఇప్పుడు పైసలు. 2025–26 సీజన్‌కు కేంద్రం ప్రకటించిన ధర, రికవరీ (చెరుకు నుంచి మిల్లు తీసే చక్కెర శాతం) 10.25 అయితే క్వింటాలుకు 355 రూపాయలు. ఆపైన ప్రతి 0.1 శాతానికి 3 రూపాయల 46 పైసలు ఎక్కువ. రికవరీ 9.5 లేక అంతకంటే తక్కువైతే 329 రూపాయల 5 పైసలు, అంతకు దిగదు. ఎకరానికి 35 టన్నులు పండిన రైతుకు ఈ రెంటి మధ్య తేడా తొమ్మిది వేల పైమాటే. చాలామంది పొరబడేది ఇక్కడ. ఇది మీ గడలోని తీపి కాదు, మిల్లు మొత్తం రికవరీ, అదీ పోయిన సీజన్‌ది. మీ తోటలో బ్రిక్స్, అంటే రసంలో తీపి కొలత, 20 వచ్చినా మీకు విడిగా పైసా ఎక్కువ రాదు. మూతపడి మళ్లీ తెరిచే మిల్లుకు పోయిన సీజన్ రికవరీ ఎక్కడుంటుంది? మొదటి ఏడాది ఏ రేటు కడతారో ముందే రాయించుకోవాలి.

1966 నాటి చెరుకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం చెరుకు తోలిన 14 రోజుల్లో డబ్బు కట్టాలి. దాటితే ఏడాదికి 15 శాతం మిత్తి. 35 టన్నుల బిల్లు 1,24,250 రూపాయలు మరో తొంభై రోజులు ఆలస్యమైతే మిత్తి దాదాపు 4,600. ఉత్తర్వులో ఉంది కదా అని ఆ మిత్తి దానంతటది ఖాతాలో పడదు. కాంటా చిట్టీలు జతచేసి, తేదీలు వేసి, రాతపూర్వకంగా అడగాలి. ఒక్క రైతు అడిగితే వచ్చే ఏడాది మిల్లు ఇచ్చే కోత పర్మిట్ వెనక్కి పోతుందేమోనన్న భయం ఉంటుంది. అందుకే ఆ కాగితం రైతు సంఘం పేరుమీద పోవాలి.

ఆలస్యానికి ఇంకో దెబ్బ కూడా ఉంది. కిసాన్ క్రెడిట్ కార్డు అప్పు గడువులో కడితే మిత్తి నాలుగు శాతం, దాటితే మూడు శాతం రాయితీ పోతుంది, మిత్తి కనీసం ఏడు శాతం పడుతుంది. బ్యాంకు, మిల్లు, రైతు ముగ్గురి ఒప్పందంతో రైతు తీసుకునే అప్పులో, కట్టాల్సింది మిల్లే చెరుకు బిల్లులోంచి కోసుకుంటుంది. కోసుకున్నది బ్యాంకుకు చేరిందో లేదో పాస్‌బుక్‌లో చూసేదాకా నమ్మొద్దు. చేరకపోతే ఎగవేతదారు పేరు పడేది మిల్లుకు కాదు, రైతుకు.

చివరిది కోత, కాంటా. కోసిన గడలో చక్కెర గంటగంటకూ విరిగిపోతుంది, బరువూ తగ్గుతుంది. 24 గంటల్లో గేటు దాటాలి. చిన్న తోట ఎప్పుడూ వెనకబడుతుంది. ఇరవై గుంటల్లో ఉండేది పదిహేడు పద్దెనిమిది టన్నులు. కూలీల గుంపు దానికోసం డేరా మార్చదు, హార్వెస్టర్‌కు తిరిగే చోటుండదు. పక్కపక్కన ఉన్న పది పన్నెండు ఎకరాలను ఒకే వారం నాటి, ఒకే రకం వేసి, ఒకే పర్మిట్ కింద రాయిస్తే మిల్లే వెతుక్కుంటూ వస్తుంది. రైతు ఉత్పత్తిదారుల సంఘం పెట్టుకున్న చోట ఈ పని సులువు. 2020లో వచ్చిన కేంద్ర పథకం కింద మైదాన ప్రాంతంలో 300 మంది సభ్యులు చాలన్నారు, నిర్వహణకు మూడేళ్లలో 18 లక్షల దాకా ఇచ్చారు.

గేటు దగ్గర ట్రాక్టరు ఆగిన సమయం చిట్టీలో ఉండాలి. యార్డులో రాత్రంతా నిలబడితే ఎండేది రైతు బరువు, ఎందుకంటే తూకం కాంటా ఎక్కాకే. ఖాళీ బండిని ప్రతిసారీ తూయించండి. మొన్నటి ఖాళీ తూకమే వాడేస్తామంటే ఒప్పుకోవద్దు. నిండు బండి ఎక్కేటప్పుడు డ్రైవర్ సీట్లో ఉంటే, ఖాళీ బండి తూచేటప్పుడూ ఉండాలి. కాంటామీద తూనికలు కొలతల శాఖ ఈ ఏడాది ముద్ర ఉందో లేదో సీజన్ మొదటిరోజే సంఘం తరఫున ఇద్దరు పోయి చూసి, రిజిస్టర్‌లో సంతకం పెట్టి రండి.

ట్రేలు, కన్ను తీసే కత్తి బయట వరండాలో పెట్టించాం. అక్కలు ముందు రండి, ఒక్కొక్కరూ పదేసి కళ్లు తీసి చూడండి. ఒప్పందం నమూనా కాగితాలు బల్లమీద ఉన్నాయి, ఊరికొకటి తీసుకోండి.