ఎపిసోడ్ 41: రవ్వ పొట్లం

అక్క: నమస్తే. ఈ వారం హైదరాబాద్ కేబీఆర్ నేషనల్ పార్కు వాలంటీర్ల గురించి. తమ్ముడు టైముకే వచ్చాడు, రాసిపెట్టుకోండి.

తమ్ముడు: టోపీ కూడా తెచ్చా.

అక్క: ఆ టోపీ ఊసెత్తకు. సరే, వాలంటీర్లు ఏం చేస్తారంటే... పొద్దున్నే చేతికి గ్లౌజులు, భుజాన గోనెసంచి. ప్లాస్టిక్ ఏరడం, పిట్టల లెక్క రాయడం, అటవీశాఖ వాళ్లు చూపించిన చోట లంటానా తీయడం. అదే, తలంబ్రాల మొక్క.

తమ్ముడు: వచ్చేసింది లంటానా! ఇంకా రెండు నిమిషాలు కూడా కాలేదు.

అక్క: రాదా మరి? 1800ల మొదట్లో అందంగా ఉందని కలకత్తా తోటకు తెచ్చారు. ఇప్పుడు ఏ అడవిలో చూసినా అదే. పైపైన నరికావంటే ఇంకా గుబురుగా లేస్తుంది. మట్టి తవ్వి, నేల కింద వేరు దగ్గర కోసి, తలకిందులుగా పడేయాలి. మళ్లీ మట్టి తగిలితే...

తమ్ముడు: అక్కా, మొన్న నాకిచ్చిన పని అది కాదు. లోపల ఎవరూ తిండి వేయకుండా చూడమన్నారు. మలుపు దగ్గర ఒకావిడ వంగి చెట్టు మొదట్లో రవ్వ పోస్తోంది. రవ్వ, చక్కెర. చీమలకి. "అమ్మా, ఇక్కడ వేయకూడదండీ" అన్నాను. తలెత్తి చూస్తే మా అత్తయ్య.

అక్క: అయ్యో! ఇంటికెళ్లాక టిఫిన్ పెట్టారా?

తమ్ముడు: పెట్టారు. ఉప్మా. రవ్వ మిగిలిందట.

అక్క: (నవ్వు) ఇంక మాట్లాడకు!

తమ్ముడు: నవ్వకు. నిజంగా అడుగుతున్నా, చీమలకు గుప్పెడు రవ్వ వేస్తే అడవికి ఏం పోయింది?

అక్క: రవ్వతో ఆగుతుందా? వెనకాలే పల్లీలు, బిస్కెట్లు. పురుగుల్నీ తొండల్నీ వెతుక్కోవాల్సిన నెమలి కంచె దగ్గర నిలబడి మన చేతులకేసి చూస్తుంది. పొట్లం కట్టిన కవరు అక్కడే పడుంటుంది. ఉన్నదే 140 పైచిలుకు హెక్టార్లు. చుట్టూ రక్షణకని వదిలిన జాగా 2020 నోటిఫికేషన్‌లో ఎక్కువంటే 29.8 మీటర్లు, కొన్నిచోట్ల 3 మీటర్లే. మన హాలు పొడవు కూడా లేదు.

తమ్ముడు: లెక్కలు బాగానే చెప్తావు. 2016లో ఫ్లైఓవర్ల కోసం చెట్లు కొట్టేస్తారని జనం రోడ్డెక్కినప్పుడు మా అత్తయ్య మోకాళ్ల నొప్పితో వచ్చి నిలబడ్డారు. నువ్వు రాలేదు.

అక్క: నాకు ఆఫీసుంది.

తమ్ముడు: అదే చెప్తున్నా. పార్కు కోసం నిలబడ్డ మనిషి చేతిలోంచి పొట్లం లాక్కోమంటే నా వల్ల కాదు.

అక్క: లాక్కోమని ఎవరన్నారు? పక్కన నిలబడి చెప్పు. పండ్లు కూడా అంతే, లంటానా పండ్లు తిని పిగిలిపిట్టలు గింజలు ఎక్కడెక్కడికో...

తమ్ముడు: లంటానా వద్దు! నాన్న నూకలు తెచ్చేవాడు కదా. లాల్చీ జేబులో.

అక్క: ...ఊఁ.

తమ్ముడు: అమ్మ ఉతికేటప్పుడు జేబులు తిరగేసి తిట్టేది. బకెట్టు అడుగున తెల్లగా నూకలు.

అక్క: ఉబ్బిపోయి ఉండేవి. నేనే ఏరి పారబోసేదాన్ని.

తమ్ముడు: నాన్నని ఎప్పుడూ ఏమీ అనలేదు నువ్వు.

అక్క: అప్పుడు నాకు తెలీదురా.

(కాసేపు మౌనం)

తమ్ముడు: తెలిస్తే అనేదానివా?

అక్క: ...వాలంటీర్లుగా రావాలనుకునేవాళ్లు అటవీశాఖ వాళ్లని అడిగి రండి. సొంతంగా ఏ మొక్కా పీకొద్దు, లంటానా అయినా సరే. నీళ్ల సీసా తెచ్చుకోండి. ఫోను ఎవరిది?

తమ్ముడు: అత్తయ్య.

అక్క: ఎత్తకు, రికార్డవుతోంది.

తమ్ముడు: ఎత్తకపోతే మళ్లీ చేస్తారు. హలో... ఆఁ, చెప్పండి అత్తయ్యా. లేదండీ, ఖాళీగానే ఉన్నా. ఎన్ని కిలోలు? బొంబాయి రవ్వేనా?