ఐర్లాండ్ పడమటి తీరం: మా ఏడు రోజుల ప్రయాణ ప్రణాళికపై సమీక్ష

ప్రేక్షకులందరికీ నమస్కారం. మే నెలాఖరున మా అమ్మగారిని వెంటబెట్టుకుని ఐర్లాండ్ పడమటి తీరంలో ఏడు రోజులు గడిపి వచ్చాము. ఆ ప్రయాణానికి వేసుకున్న ప్రణాళికలో ఏది అక్కరకు వచ్చిందో, ఏది మార్చుకోవలసి ఉందో ఈ వీడియోలో వివరంగా చెబుతాను.

వైల్డ్ అట్లాంటిక్ వే పేరుతో 2014లో ప్రారంభించిన తీర రహదారి ఉత్తరాన డోనెగాల్ నుంచి దక్షిణాన కార్క్ కౌంటీలోని కిన్సేల్ దాకా దాదాపు 2,500 కిలోమీటర్లు సాగుతుంది. ఆ అంకెను ఏడుతో భాగించి రోజుకు 350 కిలోమీటర్లు నడిపితే సరిపోతుందని లెక్క వేసుకున్నవారికి, ఇరుపక్కలా రాతి గోడలుండి, ఎదురుగా ట్రాక్టరు వస్తే ఒకరు వెనక్కి తగ్గక తప్పని ఆ పల్లె దారుల్లో తీరం కంటే స్టీరింగే ఎక్కువ కనిపిస్తుంది. పైగా 2025 ఫిబ్రవరి నుంచి అక్కడి గ్రామీణ స్థానిక రోడ్ల సాధారణ వేగ పరిమితిని గంటకు 80 నుంచి 60 కిలోమీటర్లకు తగ్గించారు. అందుకే మేము మొత్తం తీరాన్ని వదిలేసి, పక్కపక్కనే ఉన్న క్లేర్, గాల్వే కౌంటీలను మాత్రమే ఎంచుకున్నాము. క్లేర్‌లోని డూలిన్‌లో మూడు రాత్రులు, గాల్వే కౌంటీలోని క్లిఫ్‌డెన్‌లో మూడు రాత్రులు, తిరుగు ప్రయాణంలో గాల్వే నగరంలో ఒక రాత్రి ఉన్నాము. దక్షిణాన ఉన్న కెర్రీ కౌంటీ అందాలు చూడలేదన్న లోటు ఉన్నా, ఈ నిర్ణయం సరైనదేనని నా దృఢమైన అభిప్రాయం.

దానికి ముఖ్యమైన కారణం వాన. అట్లాంటిక్ మీదుగా వచ్చే తేమగాలి మొదట తాకేది ఇక్కడి కొండలనే కాబట్టి, పడమటి ప్రాంతంలో కొన్నిచోట్ల ఏడాదికి సుమారు 225 రోజులు వాన పడుతుంది. మే, జూన్ నెలల్లో ఎండ ఎక్కువ, రాత్రి తొమ్మిదిన్నరకు కూడా వెలుగు ఉంటుంది; అయినా ఏ రోజునూ నమ్మడానికి లేదు. మేము అరన్ దీవులకు వెళ్లాలనుకున్న రోజున అలలు పెద్దవిగా ఉన్నాయని పడవలు రద్దు చేశారు. రోజుకొక ఊరు చొప్పున బస ఖాయం చేసుకుని ఉంటే ఆ దీవులు మాకు దక్కేవి కావు. మూడు రాత్రులు ఒకేచోట ఉన్నందువల్ల దీవుల ప్రయాణాన్ని మర్నాటికి జరిపి, ఆ రోజు బర్రెన్‌కు వెళ్లాము.

బర్రెన్ గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, ఎందుకంటే హడావుడిగా వెళ్లేవారు దీన్ని కారు అద్దంలోంచి చూసి దాటిపోతారు. కనుచూపు మేర పరుచుకున్న బూడిదరంగు రాతి నేల అది. మన ఇళ్లలో పరిచే తాండూరు, కడప బండల్లాగే అదీ సున్నపురాయే. హిమనదాలు పైమట్టిని ఊడ్చివేయగా మిగిలిన ఆ బండల పగుళ్లలోంచి, మే నెలలో జెన్షియన్ అనే చిక్కటి నీలిరంగు పూలు తలెత్తుతాయి. మధ్యధరా ప్రాంతపు మొక్కలూ, ధ్రువ ప్రాంతపు మొక్కలూ పక్కపక్కన పెరిగే అరుదైన చోటు అది. ఇక్కడి రైతులు పశువులను చలికాలంలోనే కొండమీదికి తోలుతారు. వేసవి వేడిని దాచుకున్న రాయి చలికాలంలో ఆ నేలను వెచ్చగా ఉంచుతుంది, పశువులు గడ్డిని మేసి పూలకు చోటు చేస్తాయి. 5,000 ఏళ్లు దాటిన పౌల్నబ్రోన్ రాతి సమాధి ముందు సన్నటి వానలో మా అమ్మగారు చాలాసేపు నిలబడ్డారు.

క్లిఫ్స్ ఆఫ్ మోహర్‌కు సాయంత్రం వెళ్లండి. 214 మీటర్ల ఎత్తుకు లేచిన ఈ కొండ చరియలు పడమటి ముఖంగా ఉన్నందువల్ల పొద్దు వాలే వేళ వెలుగు నేరుగా రాతి మీద పడుతుంది, అప్పటికి టూరిస్టు బస్సులూ వెళ్లిపోతాయి. సందర్శక కేంద్రం దగ్గరి బాట పెద్దవాళ్లు కూడా నడవగలిగేలా ఉంది. అంచు వెంట సాగే పొడవాటి కాలిబాటలో మూసివేసిన భాగాలుంటే మాత్రం దయచేసి దాటి వెళ్లకండి.

క్లిఫ్‌డెన్ చుట్టూ ఉన్న కన్నెమారా ప్రాంతం దీనికి పూర్తిగా భిన్నం. సరస్సులు, పన్నెండు శిఖరాల కొండల వరుస, పీట్ అనే నల్లటి మెత్తని నేల. 1919 జూన్ 15న ఆల్కాక్, బ్రౌన్ అనే వైమానికులు అట్లాంటిక్‌ను ఎక్కడా ఆగకుండా దాటిన మొదటి విమానాన్ని ఈ బురద నేలలోనే దింపారు. డెరీగిమ్లాలో ఆ చోటును చూస్తూ నడవడానికి చక్కటి బాట వేశారు. కైల్‌మోర్ అబ్బే అనే క్రైస్తవ సన్యాసినుల మఠానికి సగం రోజు కేటాయించండి. మన దేశపు వాళ్లకు బాలినహించ్ కోట ప్రత్యేకంగా ఆసక్తి కలిగిస్తుంది. క్రికెటర్‌గా పేరు పొందిన నవానగర్ పాలకుడు రంజిత్‌సింహ్‌జీ 1920లలో దాన్ని కొని, చేపల వేటకు వచ్చి ఉండేవారు. ఇప్పుడది హోటల్.

ఇక ఏర్పాట్ల సంగతి. ఐర్లాండ్, ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల షెంజెన్ కూటమిలో లేదు కనుక ఆ వీసా ఇక్కడ చెల్లదు, భారతీయ పాస్‌పోర్టుకు ఐరిష్ వీసా విడిగా తీసుకోవాలి. ఉత్తర ఐర్లాండ్ బ్రిటన్‌లో భాగమన్నది కూడా గుర్తుంచుకోండి, సరిహద్దు దగ్గర ఆపేవారు లేకపోయినా వీసా నియమం వర్తిస్తుంది. వాహనాలు మన దగ్గరలాగే ఎడమవైపు నడుస్తాయి. ఆటోమేటిక్ కారు కావాలంటే ముందుగానే అడగాలి, అద్దె కూడా ఎక్కువే. ఐరిష్ భాష మాట్లాడే ప్రాంతాల్లో బోర్డుల మీద ఊరి పేర్లు ఆ భాషలోనే ఉంటాయి కాబట్టి రెండు పేర్లూ రాసి పెట్టుకోండి. చిన్న ఊళ్లలో రాత్రి తొమ్మిదికల్లా వంటగదులు మూసేస్తారు. శాకాహారులైతే వంట సౌకర్యమున్న ఇల్లు తీసుకోవడం మంచిది. యూరోపియన్ యూనియన్‌లోకి మన దేశం నుంచి పాల పదార్థాలు తేకూడదు, నెయ్యి సీసా ఇంట్లోనే వదిలి వెళ్లండి.

మా ప్రణాళికలో నేను మార్చవలసినది ఒక్కటే. అరన్ దీవుల్లో ఒకటైన ఇనిష్ మోర్‌కు వెళ్లి అదే రోజు తిరిగి వచ్చాము. ఇసుకనూ, సముద్రపు నాచునూ మోసుకొచ్చి బండ మీద పరిచి, తరతరాలుగా మట్టిని తయారు చేసుకున్న మనుషుల దీవి అది. రేవు దగ్గర గుర్రపు బండి ఎక్కి, అమ్మగారిని కింద కూర్చోబెట్టి, దాదాపు 100 మీటర్ల ఎత్తున సముద్రపు అంచును ఆనుకుని ఉన్న డూన్ ఎంగస రాతి కోటకు ఎక్కి వచ్చేసరికే పడవ వేళ అయిపోయింది. ఆ చిన్న చిన్న చేల మధ్య దారుల్లో అమ్మగారిని నింపాదిగా నడిపించలేకపోయాను. మీరు వెళితే డూలిన్‌లోని ఒక రాత్రిని తగ్గించి, ఇనిష్ మోర్‌లో గడపండి.