దుంగ నుంచి పలక దాకా: తడితోనే అసలు పేచీ

అందరికీ నమస్కారం. సొంతంగా దుంగలు కోసుకోవాలని ఉబలాటపడే వాళ్లు ముందు రంపం గురించే అడుగుతారు. ఏ మిషన్ కొనాలి, బార్ (గొలుసు తిరిగే పొడవాటి పట్టీ) ఎంత పొడవుండాలి అని. దాని సంగతికీ వస్తాను గానీ, ముందు తడి గురించి మాట్లాడుకుందాం. కోత ఒక్కపూటలో అయిపోతుంది, తడితో వ్యవహారం మాత్రం నెలల తరబడి ఉంటుంది, పలక పనికొస్తుందో పొయ్యిలోకి పోతుందో తేలేది అక్కడే.

పచ్చి దుంగలో నీటి బరువు చాలా జాతుల్లో ఎండు చెక్క బరువులో సగం దాకా ఉంటుంది, కొన్నిట్లో దానికి సమానంగా కూడా ఉంటుంది. తేమ ఎండు చెక్క బరువులో సుమారు 30 శాతానికి దిగేదాకా చెక్క పెద్దగా కుంచించుకుపోదు. అక్కణ్ణుంచే మొదలవుతుంది. అది కూడా అన్ని వైపులా ఒకేలా కాదు: కోసిన దుంగ చివర కనిపించే గుండ్రటి వలయాల వెంబడి తగ్గేది, నడిమధ్య నుంచి బెరడు వైపుగా తగ్గేదానికి దాదాపు రెట్టింపు. పొడవులో తగ్గేది లెక్కలోకే రాదు. పలకలు ఎందుకు దోనెలా వంగుతాయో, దుంగలు ఎందుకు నెర్రెలిస్తాయో ఈ ఒక్క లెక్కలో దాదాపు అంతా ఉంది.

కాబట్టి కోసేముందు దుంగ మొహం, అంటే వలయాలు కనిపించే చివర, దగ్గర కూర్చుని నిదానంగా చూడండి. వలయాలు ఒక పక్కకి ఒరిగి ఉంటే ఆ చెట్టు వంగి పెరిగిందన్నమాట, అలాంటి దుంగ రంపం కింద ఉండగానే విల్లులా లేస్తుంది. నల్లటి నీలం చార కనిపించిందా, లోపల ఎక్కడో మేకు ఉండే అవకాశం ఉంది, మెటల్ డిటెక్టర్ పెట్టి చూడాల్సిందే. నడిబొడ్డు, అంటే వలయాలన్నిటికీ నడుమనుండే చోటు, పలకలో రాకుండా గీత గీసుకోండి, అది ఉన్న పలక ఎలాగూ చీలుతుంది. ఇక చెట్టు పడిన రోజే రెండు చివర్లకీ మైనమో మందపాటి పెయింటో పూసేయండి. తడి పక్కల నుంచి కంటే చివర్ల నుంచి ఎన్నో రెట్లు వేగంగా పోతుంది, పగుళ్లు మొదలయ్యేదీ అక్కడే.

ఇప్పుడు రంపం. చైన్‌సా మిల్లు, అంటే గొలుసు రంపానికి పలకలు కోసే చట్రం బిగించింది, చవక, దుంగ దగ్గరికే మోసుకెళ్లొచ్చు, కానీ ఒక్కో కోతకి 8 మిల్లీమీటర్ల దాకా పొట్టుగా పోతుంది. 30 మిల్లీమీటర్ల పలకలు తీస్తుంటే దాదాపు నాలుగింటికి ఒక పలక నేలపాలే. సన్నటి పట్టీ బ్లేడు తిరిగే బ్యాండ్‌సా మిల్లుకి ఆ నష్టం 2, 3 మిల్లీమీటర్లే. చైన్‌సాతోనే చేస్తానంటే నిలువు కోతకి, అంటే దుంగ పొడవునా కోయడానికి, వేరే చైన్ వేసుకోండి, పళ్ల కోణం 10 డిగ్రీల దగ్గర ఉండేది. మొదటి కోత తిన్నగా రావడానికి దుంగ మీద నిచ్చెన బిగించి దాని మీద నడపండి. మొదటి కోత వంకరైతే ఆ వంకర కింది పలకలన్నిటికీ అంటుకుంటుంది. చెవులకి, కళ్లకి, కాళ్లకి రక్షణ లేకుండా దయచేసి స్టార్ట్ కూడా చేయొద్దు.

కోశాక పేర్చడం. నాకు చాలా ఇష్టమైన పని ఇదే. నేల నుంచి ఒక అడుగైనా ఎత్తులో, ఎండ నేరుగా తగలని చోట పేర్చండి. పలకకీ పలకకీ మధ్య 20 మిల్లీమీటర్ల ఎండు బద్దలు, అర మీటరుకొకటి. బద్దలన్నీ ఒకే మందం ఉండాలి, పైబద్ద సరిగ్గా కిందిబద్ద మీదే రావాలి, అటూ ఇటూ జరిగితే ఆ బరువుకే పలక అలలు తిరుగుతుంది. పైన రేకు, రేకు మీద బరువు. తొందరపడి ఎండలో పెడితే పైపొర ముందే ఆరి బిగుసుకుపోతుంది, లోపలేమో ఇంకా పచ్చిగానే ఉంటుంది.

అంగుళం మందానికి ఏడాది అంటారు, అది ఉజ్జాయింపు మాత్రమే, జాతిని బట్టి, గాలిని బట్టి మారుతుంది. నమ్మదగింది తక్కెడ. ఒక పలకని నెలనెలా తూచి ఆ బరువు దాని మీదే పెన్సిల్‌తో రాయండి. బరువు దిగడం ఆగిందంటే బయటిగాలికి ఎంత ఆరాలో అంత ఆరినట్టు. ఇంట్లో వాడే సామానుకి అది చాలదు, పని మొదలుపెట్టే ముందు కొన్ని వారాలు గది లోపల ఉంచాలి.

మొదటి దుంగగా కణుపుల్లేని, తిన్నటి, మీటరున్నర పొడవుది ఎంచుకోండి. 25 మిల్లీమీటర్ల చెక్క కావాలంటే 30కి కోయండి, మిగతాది ఆరడానికీ చిత్రికకీ పోతుంది.