ఒకే పొయ్యి

(రాజ్యాంగ దినోత్సవం నాడు కోనసీమలోని ఒక శాఖా గ్రంథాలయంలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, గ్రంథాలయాధికారి గారికి, వేదిక మీద ఉన్న న్యాయవాద మిత్రులకు, పనులు మానుకుని వచ్చిన తల్లులకు, ఎదుట కూర్చున్న కళాశాల విద్యార్థులకు నమస్కారం. పెద్దలందరినీ పేరుపేరునా తలచుకోవడం మన సభల మర్యాదే గాని, చెప్పవలసినది చాలా ఉంది గనుక నేరుగా విషయంలోకి వస్తున్నాను. ప్రాథమిక హక్కుల గురించి మాట్లాడమన్నారు. అంబేడ్కర్ పేరు పెట్టుకున్న జిల్లాలో ఆ హక్కుల జాబితా మళ్లీ చదవనక్కర లేదు. అవి ఒక బియ్యం కార్డు దగ్గర ఎలా ఆగిపోయాయో నేను కళ్లారా చూశాను గనుక అదే చెబుతాను.

2022 జూలై వరద మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. ధవళేశ్వరం దగ్గర గోదావరి మూడో ప్రమాద హెచ్చరిక అయిన 17.75 అడుగులను దాటింది. 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీటిని సముద్రంలోకి వదిలారు. రెవెన్యూ శాఖలో ఉద్యోగిగా నేను ఒక లంకకు సహాయం పంచే బృందంతో పడవలో వెళ్లాను. కుటుంబానికి 25 కిలోల బియ్యం, కందిపప్పు, నూనె, ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, 2,000 రూపాయలు. ఎవరు కుటుంబమో తేల్చేది నా చేతిలోని జాబితా. ఆ జాబితాకు ఆధారం బియ్యం కార్డు.

వరుసలో ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. ఒకామెకు నలభై దాటాయి, రెండో ఆమె కొంచెం చిన్నది. కొబ్బరి పీచు పనికీ, అరటి తోటల్లో కూలికీ కలిసి వెళ్తారు. పదిహేడేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నారు. ఊళ్లో వారిని అక్కాచెల్లెళ్లు అంటారు. కారని ఊరికి తెలుసు, ఊరికి తెలుసునని వారికీ తెలుసు. వారి పేర్లు మాత్రం చెరొక అన్న కార్డులో ఉండిపోయాయి. పెళ్లి కాకుండా ఆడపిల్ల పేరును పుట్టింటి కార్డులోంచి వేరుచేయడం మా కార్యాలయంలో ఎన్నడూ జరగలేదు. అన్నలు అప్పటికే తమ సంచులు మోసుకుపోయారు. "మీ పేర్లు వేరే కార్డుల్లో ఉన్నాయమ్మా, మీ బియ్యం మీ వాళ్లకు వెళ్లిపోయింది" అన్నాను. పెద్దామె, "ములిగింది మా ఇల్లండి, ఆళ్ల ఇల్లు కాదండి" అంది. నేను వారి పేర్ల ఎదుట 'ఇతర కార్డులో నమోదు' అని రాసి తరువాతి పేరు పిలిచాను. అది నా చేత్తో రాసిన మాట. నిబంధన ప్రకారం సరిగానే రాశానని పై అధికారులు కూడా అన్నారు. పదవీ విరమణ చేసి ఇంట్లో కూర్చున్నాక కూడా ఆ గీత నా కళ్ల ముందు నుంచి పోలేదు.

నేను 2011 జనాభా లెక్కల్లోనూ పనిచేశాను. అక్కడ మాకు నేర్పినది ఏమిటంటే, సాధారణంగా కలిసి నివసిస్తూ ఒకే వంటగదిలో వండుకుని తినేవారంతా ఒక కుటుంబమే. వారి మధ్య రక్తసంబంధం ఉండి తీరాలన్న షరతు లేదు. మన పల్లెల్లో దాన్నే ఒకే పొయ్యి అంటాం. తలలు లెక్కపెట్టేటప్పుడు ఆ ఇద్దరూ ఒక కుటుంబం, బియ్యం కొలిచేటప్పుడు మాత్రం కారు. అమ్మా, మీలో ఎవరైనా చెప్పండి, పొయ్యి మారిందా?

చట్టం సంగతికి వస్తాను. ఇష్టపడి కలిసే వయోజనుల స్వలింగ సంబంధం నేరం కాదని 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు, దాన్ని నేరంగా చూసిన శిక్షాస్మృతి 377వ సెక్షను విషయంలో తేల్చింది. 2023 అక్టోబరు 17న మాత్రం, స్వలింగ జంటల వివాహాన్ని గుర్తించడం న్యాయస్థానం పని కాదనీ, అది చట్టసభలు తేల్చవలసినదనీ చెప్పింది. ఆ మాట వినగానే మనవాళ్లు ఢిల్లీ వైపు చూస్తున్నారు. విద్యార్థులు రాజ్యాంగం ఏడో షెడ్యూలు తెరిచి చూడండి: వివాహం, దత్తత, వారసత్వం, ఉమ్మడి కుటుంబం ఇవన్నీ ఉమ్మడి జాబితా 5వ అంశంలో ఉన్నాయి. పార్లమెంటుతో పాటు రాష్ట్ర శాసనసభకూ వాటి మీద చట్టం చేసే అధికారం ఉంది.

చేసిన రాష్ట్రాలూ ఉన్నాయి. పురోహితుడు లేకుండా బంధుమిత్రుల ఎదుట దండలు మార్చుకున్న పెళ్లి చెల్లుతుందని తమిళనాడు 1967లో హిందూ వివాహ చట్టాన్ని సవరించుకుంది. అంత దూరం ఎందుకు, ఎన్.టి. రామారావు గారు ముఖ్యమంత్రిగా ఉండగా మన రాష్ట్రమే ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు సమాన వాటా ఇస్తూ హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లో పెట్టింది. పార్లమెంటు ఆ పని చేసింది 2005లో. ఆడపిల్లకు వాటా ఇస్తే అన్నదమ్ములు ఊరుకుంటారా, కుటుంబాలు నిలుస్తాయా అని ఈ ఊరి అరుగుల మీదే వాదించుకున్న రోజులు ఇక్కడున్న పెద్దలకు తెలుసు. కుటుంబాలు నిలిచే ఉన్నాయి.

రాష్ట్రం చేసిన చట్టం ఎంత కీడు చేయగలదో కూడా చెప్పాలి. నిజాం ఏలుబడిలో 1919లో వచ్చిన నపుంసకుల చట్టం హిజ్రాల పేర్లకు ఒక రిజిస్టరు పెట్టించింది. అందులోకి ఎక్కినవారు ఆడదుస్తుల్లో బహిరంగంగా కనబడితే వారెంటు లేకుండా అరెస్టు చేయవచ్చు, రెండేళ్ల దాకా జైల్లో పెట్టవచ్చు. 1956లో రాష్ట్రం ఏర్పడిన తరువాత ఆ చట్టం పేరులో 'తెలంగాణ ప్రాంతం' అని చేర్చి అలాగే ఉంచుకున్నారు. 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు కొట్టివేసేదాకా దాన్ని ఏ శాసనసభా రద్దు చేయలేదు. ఉద్యోగమంతా రిజిస్టర్లతోనే గడిపిన నాకు ఆ తీర్పు సంగతి చదివినప్పుడు నిద్ర పట్టలేదు. మనిషిని పట్టుకోవడానికి పేరు రాసుకున్న పుస్తకం అది. అన్నం పెట్టడానికి పేరు రాసుకోవలసిన పుస్తకంలో ఆ ఇద్దరికీ చోటు దొరకలేదు.

2024లో కొంత కదలిక వచ్చింది. రేషన్ కార్డు విషయంలో ఇలాంటి జంటలను ఒకే కుటుంబంగా చూడాలని కేంద్రం రాష్ట్రాలకు లేఖ రాసింది. అదే ఏడాది డిసెంబరులో మన హైకోర్టు, కలిసి బతకాలనుకున్న ఇద్దరు యువతుల పక్షాన నిలిచి, వారి జీవితంలో కన్నవారు జోక్యం చేసుకోరాదన్నది. రెండూ మంచివే. కానీ లేఖ చట్టం కాదు. గుమాస్తా బల్ల మీద నిబంధన మారనంతకాలం లేఖ ఫైలులోనే ఉంటుందని ఆ బల్ల వెనుక కూర్చున్నవాడిగా చెబుతున్నాను. పైగా బియ్యంతోనే సరిపోదు; ఒకరు ఆసుపత్రిలో ఉంటే రెండోవారు సంతకం పెట్టాలి, ఒకరు పోతే ఆ ఇల్లు రెండోవారికి దక్కాలి.

ఆ లేఖ సంగతి చెబుదామని నేను పంటు ఎక్కి ఆ లంకకు వెళ్లాను. ఇద్దరూ ఇంటి ముందు పీచు ఆరబెడుతున్నారు. నన్ను గుర్తుపట్టారు, కుర్చీ వేశారు, కొబ్బరినీళ్లు ఇచ్చారు. అంతా విన్న తరువాత పెద్దామె ఒక్కటే అడిగింది: "అయితే మా అన్నయ్య సంతకం పెట్టాలాండి?" ముప్పై అయిదేళ్లు కార్డుల పని చూసిన నేను దానికి జవాబు చెప్పలేకపోయాను.

మన శాసనసభ్యునికి ఒక వినతిపత్రం రాసి ఆ బల్ల మీద ఉంచాను. కార్డు, ఆసుపత్రి, ఇల్లు, ఈ మూడింటిలో ఒకే పొయ్యి మీద బతికే ఇద్దరిని కుటుంబంగా గుర్తిస్తూ రాష్ట్రం చట్టం చేయాలనీ, అందుకు అన్నల సంతకం అడగకూడదనీ అందులో రాశాను. భాషలో లోపాలుంటే న్యాయవాద మిత్రులు దిద్దండి. సమ్మతించినవారు వెళ్లేముందు సంతకం చేయండి.