తమ్ముడి మాట, అన్న నోట

అధ్యక్షుల వారికి, ఈ ఫిల్మ్ సొసైటీని ఇన్నేళ్లుగా నిలబెట్టుకొస్తున్న పెద్దలకు, ఆదివారం సాయంత్రం ఇంత దూరం వచ్చిన మీ అందరికీ నమస్కారం. ప్రదర్శనకు ముందు బ్రిటిష్ ప్రేమకథా హాస్యచిత్రాల గురించి కొంతసేపు మాట్లాడమని నన్ను ఆదేశించారు. అందుకు సిద్ధపడే వచ్చాను. అయితే ఈ సినిమా గురించి నేను చెప్పవలసిన మాట ఒకటి చాలాకాలంగా నాలోనే ఉండిపోయింది. ముందుగా దానికే సమయం ఇవ్వవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

మనం చూడబోయే ‘ఫోర్ వెడ్డింగ్స్ అండ్ ఎ ఫ్యూనరల్’ 1994లో విడుదలైంది. రిచర్డ్ కర్టిస్ రచించగా మైక్ న్యూవెల్ దర్శకత్వం వహించారు. 30 లక్షల పౌండ్లు మించని ఖర్చుతో తీసిన ఈ చిన్న చిత్రం ప్రపంచమంతా ఆడి, ఉత్తమ చిత్రం విభాగంలో ఆస్కార్ పోటీకి వెళ్లింది, బ్రిటిష్ సినీ పురస్కారమైన బాఫ్టా గెలుచుకుంది. కథ పేరులోనే ఉంది: నాలుగు పెళ్లిళ్లు, ఒక అంత్యక్రియ. కథానాయకుడు చార్లెస్ ఏ ఉద్యోగం చేస్తాడో రచయిత మనకు చెప్పడు. ఆ మిత్రబృందాన్ని మనం ఎక్కువగా పెళ్లి బట్టల్లోనే చూస్తాం, వాళ్ల స్నేహాన్ని విందు బల్లల దగ్గరే తెలుసుకుంటాం.

ఈ చిత్రంలో నోరున్నవాళ్లెవరూ తమ ముఖ్యమైన మాటను తమ సొంత మాటల్లో చెప్పలేకపోవడాన్ని మీరు గమనించాలని కోరుతున్నాను. హ్యూ గ్రాంట్ పోషించిన చార్లెస్ థేమ్స్ నది ఒడ్డున తాను ప్రేమించిన క్యారీ వెంట పరుగెత్తి వెళ్లి, నత్తి నత్తిగా తడబడి, చివరికి డేవిడ్ కాసిడీ అనే గాయకుడి పాట ముక్కను అరువు తెచ్చుకొని ప్రేమను వెల్లడిస్తాడు. ఆ మిత్రబృందంలోని గారెత్ చనిపోయినప్పుడు, అతనితో జీవితం పంచుకున్న మాథ్యూ తన దుఃఖానికి మాటలు చాలక డబ్ల్యూ.హెచ్. ఆడెన్ కవితను చదువుతాడు. ఆ చర్చిలో మాథ్యూను సన్నిహిత మిత్రుడిగానే పరిచయం చేస్తారు. ఆ ఇద్దరి బంధాన్ని వివాహమని పిలిచే చట్టం ఇంగ్లండులో 2013 వరకు రాలేదు. పేరు లేని బంధానికి అరువు మాటలే దిక్కయ్యాయి.

ఇంతమంది మధ్య సూటిగా మాట్లాడేవాడు ఒక్కడే ఉన్నాడు. అతను చార్లెస్ సోదరుడు డేవిడ్. అతనికి వినపడదు. అతను బ్రిటిష్ సంజ్ఞా భాషలో మాట్లాడతాడు. ఆ పాత్రను ధరించిన డేవిడ్ బోవర్ స్వయంగా బధిరుడు. వినగలిగిన నటుడికి నాలుగు సైగలు నేర్పి సరిపెట్టకపోవడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు.

ఇక్కడ నేను మా ఇంటి విషయం చెప్పక తప్పదు. మా తమ్ముడికి పుట్టుకతోనే వినపడదు. అతన్ని చేర్చిన బడిలో పిల్లలు చేతులు కదిలిస్తే శిక్షించి, చేతులు కట్టుకొని పెదవులు చూడమనేవారు. ఇది ఆ ఒక్క బడి దోషం కాదు. 1880లో మిలాన్ నగరంలో జరిగిన బధిర విద్యావేత్తల మహాసభ సైగలకంటే నోటిమాటే శ్రేష్ఠమని తీర్మానించిన నాటి నుంచి, దేశదేశాల బడుల్లో పిల్లల చేతులను అలాగే కట్టేశారు. ఇంట్లో మాత్రం అతను తన భాష తాను కల్పించుకున్నాడు. నాన్నకు గుర్తు మీసం, అక్కకు గుర్తు జడ, నాకు గుర్తు మోకాలి మీది మచ్చ.

1986లో మా అక్క పెళ్లి జరిగింది. వాడికి పదకొండేళ్లు, నాకు పదహారు. వాడు పందిరి గుంజకు అరచెయ్యి ఆన్చి డోలు దెబ్బను ఒంట్లోకి తీసుకుంటూ నిలబడ్డాడు. మంగళసూత్రధారణ వేళ గట్టిమేళం మోగగానే గుంజ వదిలి ముందుకు వచ్చి, అక్క వైపు చూస్తూ రెండు చేతులతో ఏదో చెప్పసాగాడు. పెళ్లివారు చూస్తున్నారని వెనుక నుంచి ఎవరో గొణిగారు. నేను వాడి రెండు మణికట్లు పట్టుకొని కిందికి అదిమాను. తలంబ్రాలు అయ్యేదాకా వదలలేదు. వాడు గింజుకోలేదు. నేను వదిలిన తర్వాత బడిలో నేర్పినట్టే చేతులు కట్టుకొని నిలబడ్డాడు. ఏం చెప్పబోయాడో ఆ రోజు నేను అడగలేదు. ఎన్నో ఏళ్లకు అడిగితే, గుర్తు లేదన్నాడు. తర్వాత తన మోకాలు తాకి, ఒక చేత్తో రెండో మణికట్టును గట్టిగా పట్టుకొని చూపించాడు.

అందువల్ల ఈ సినిమా చివరి పెళ్లిని నేను వినోదంగా చూడలేను. చూడనివారు క్షమించాలి, ఆ ఘట్టం చెప్పకుండా నా మాట పూర్తి కాదు. ప్రేమించిన క్యారీ భర్త నుంచి విడిపోయిందని తెలిసిన కాసేపటికే, చార్లెస్ తన పాత ప్రియురాలు హెన్రియెటాతో పెళ్లిపీట ఎక్కవలసి వస్తుంది. ఆంగ్లికన్ (ఇంగ్లండు చర్చి) సంప్రదాయంలో ఈ వివాహానికి అభ్యంతరం ఉన్నవారు చెప్పండని పురోహితుడు అడిగి, కాసేపు ఆగుతాడు. మన పెళ్లిలో అశుభపు మాట వినపడకూడదని గట్టిమేళం వాయిస్తాం. వాళ్ల పెళ్లిలో అదే చోట నిశ్శబ్దం ఉంచుతారు. ఆ నిశ్శబ్దంలోకి డేవిడ్ తట్టి చప్పుడు చేసి, తన మాటను అనువదించమని చార్లెస్‌నే అడుగుతాడు. వరుడు మరొకరిని ప్రేమిస్తున్నాడని తన అనుమానమంటాడు. ఆ మాటను సభ మొత్తానికి వినిపించవలసినవాడు ఆ వరుడే. అతను దాన్ని మార్చవచ్చు, మింగవచ్చు, మా వాడికి వేళాకోళం ఎక్కువని సర్దవచ్చు. కాని చార్లెస్ ఉన్నదున్నట్టు చెబుతాడు. నిజమేనా అని పురోహితుడు అడిగితే, సినిమా మొత్తం తడబడిన ఆ మనిషి మొదటిసారి తడబడకుండా నిజమేనంటాడు.

మిత్రులారా, ఆ సినిమా వచ్చేనాటికి బ్రిటన్ ప్రభుత్వం డేవిడ్ మాట్లాడే ఆ సంజ్ఞా భాషను భాషగా గుర్తించలేదు. 2003లో గుర్తించింది, 2022లో చట్టం చేసింది. మన దేశంలో భారతీయ సంజ్ఞా భాషకు పరిశోధన, శిక్షణ కేంద్రం ఢిల్లీలో 2015లో ఏర్పడింది. మన సైగల అక్షరాలు బ్రిటిష్ వారి పద్ధతిలోనే రెండు చేతులతో ఏర్పడతాయి, అచ్చులు అయిదూ అయిదు వేలి కొసల మీద ఉంటాయి. మన సంజ్ఞా భాషను నేను నలభై దాటాక నేర్చుకున్నాను. మీలో ఎవరి ఇంట్లోనైనా అలాంటి బిడ్డ ఉంటే, దయచేసి నా అంత ఆలస్యం చేయకండి.

హాస్యచిత్ర సంప్రదాయం గురించి రాసుకొచ్చిన కాగితాలు ఇలాగే ఉండిపోయాయి, నిర్వాహకులు మన్నించాలి. మా తమ్ముడు ఈ సభలో ముందు వరుసలో కూర్చున్నాడు. ప్రదర్శన ముగిశాక ఈ వేదిక మీద అతను మాట్లాడతాడు, నేను అనువదిస్తాను. అతని చేతులు మీ అందరికీ కనబడేలా ఈ వైపు దీపం ఒకటి వెలిగించి ఉంచమని కోరుతున్నాను.